విటోమిర్ కుడి చెయ్యి

విటోమిర్‌కి కుడి చెయ్యి రెండుసార్లు పోయింది. మొదటిసారి మొరావిత్సా నది ఒడ్డునున్న రంపపు మిల్లులో పోయింది. దాని మీద నాకు కోపం లేదు, రంపానికి మనిషికీ మానుకీ తేడా ఏం తెలుస్తుంది? రెండోసారి మాత్రం నవ్వుతూ మాట్లాడే మనిషొకడు, ఆ ఇంటి రొట్టె తిన్నవాడు, అడిగి మరీ పట్టుకుపోయాడు. అతని పేరు చెబితే నాకు ఇప్పటికీ కడుపు మండిపోతుంది. ఈ కోసారాకి కోపం ముక్కుమీదే ఉంటుందని మా ఊరు ఇవానిత్సాలో అందరూ అంటారు. అననివ్వండి. ఆరోగ్య కేంద్రంలో కట్లు కట్టే నర్సుగా పనిచేసి రిటైరైనదాన్ని. ఒకరి పుండు చూసి ఇంకొకరు నవ్వుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

విటోమిర్ మా పక్కింటివాడు. రెండిళ్ళకీ మధ్య ఒక కంచె ఉంది, దానికి ఎప్పుడూ తీసే ఉండే చిన్న తలుపుంది. నోట్లో నాలుక లేని మనిషి. మిల్లులో ప్రమాదం జరిగిన రోజు కూడా, నేను కట్టు కడుతుంటే, "మీకు శ్రమ ఇచ్చాను కోసారక్కా" అన్నాడు. మణికట్టు పైనుంచి తెగిపోయిన మనిషి అనే మాటేనా అది! నేను తిట్టాను. తిడితే నవ్వాడు.

నొప్పి కొన్నాళ్ళకి తగ్గింది. తగ్గనిది సిగ్గు. చొక్కా గుండీలు భార్య రుజిత్సా పెట్టాలి. చుట్టాల ముందు మాంసం ముక్కలు ఆమే కోసి పళ్ళెంలో పెట్టాలి. అన్నిటికంటే జూలై నెల అతన్ని చంపేసేది. జూలైలో మా కొండలన్నీ మాలినా తోటలే. వేలితో కాస్త గట్టిగా నొక్కితే రసమైపోయే ఎర్రటి చిన్న పళ్ళు అవి. బడి పంతులు దగ్గర్నుంచి చర్చి ఫాదరు దాకా అందరూ తోటల్లోనే ఉంటారు. విటోమిర్ మాత్రం ఎడమ భుజం మీద ఖాళీ పెట్టెలు మోస్తూ వరసల మధ్య తిరిగేవాడు. ఎడమచేత్తో కొయ్యబోతే కొమ్మ పట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు. పక్కవాళ్ళు జాలిగా చూస్తారని తల దించుకుని నడిచేవాడు.

అలాంటి రోజుల్లో వచ్చాడు ఒగ్నెన్. బెల్‌గ్రేడ్‌లో ఒక పరిశోధనాలయంలో ఇంజినీరు, పేరు ముందు డాక్టరు అని ఉంటుంది గానీ సూది చూస్తే కళ్ళు తిరిగే రకం. వెనక తలుపు తాడుతో కట్టిన కారు, అరిగిపోయిన బూట్లు, చిందరవందరగా జుట్టు. కృత్రిమ చెయ్యి చేస్తున్నాం, చెయ్యి పోయినా ముంజేతి కండరాలు బాగున్న మనిషి కావాలని మా కేంద్రంలో పెద్ద డాక్టరుగారిని అడిగితే, ఆయన విటోమిర్‌ని చూపించాడు. ఒగ్నెన్ ఆ మొండిచేతిని రెండు చేతులతో పట్టుకుని, పసిపిల్లాడి బుగ్గలా నిమిరాడు.

"నొప్పా?" అన్నాడు.

"లేదు సార్."

"వేళ్ళు ఉన్నట్టు అనిపిస్తుందా?"

విటోమిర్ నా వైపు చూశాడు. ఆ మాట అప్పటిదాకా అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే పిచ్చివాడంటారని అతనూ చెప్పలేదు. "అప్పుడప్పుడు" అన్నాడు మెల్లగా. ఒగ్నెన్ మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి నేను కూడా కరిగిపోయాను, ఏం దాచను.

అక్కణ్ణుంచి నెలకోసారి బెల్‌గ్రేడ్ ప్రయాణం. అక్కడ ఒక పెద్ద గదిలో నరాల సంగతి తెలిసిన డాక్టర్లు, చర్మం సంగతి తెలిసిన జీవశాస్త్రం వాళ్ళు, మోటార్ల సంగతి తెలిసిన ఇంజినీర్లు కలిసి కూర్చునేవారట. ఒకరి భాష ఒకరికి రాదు. అందరికీ మధ్యలో విటోమిర్ మొండిచెయ్యి. ఇంటికొచ్చి అతను చెబుతుంటే మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. "నరాల ఆయన ఆగమంటాడు, మోటార్ల ఆయన కదపమంటాడు, నేను మధ్యలో బాత్రూముకెళ్ళాలంటే ఇద్దరి పర్మిషనూ కావాలి" అనేవాడు.

వాళ్ళు చేసిన చెయ్యి ఉత్త పట్టుకునే చెయ్యి కాదు. తెలిసే చెయ్యి. తొడుగు లోపల చిన్న చిన్న బిళ్ళలుండేవి. బొటనవేలు ఎంత గట్టిగా నొక్కుతోందో ఒక చోట, చిటికెనవేలు ఎంత నొక్కుతోందో మరోచోట, మొండిచేతి చర్మం మీద జిల్లుమనిపించేవి. మొదట్లో అతనికి అంతా ఒకటే చక్కిలిగింత. నేర్చుకోగా నేర్చుకోగా, కళ్ళు మూసుకుని గుడ్డేదో రాయేదో చెప్పడం మొదలుపెట్టాడు. చేతికి అతని కండరాలు అలవాటయ్యాయి, అతని తలకి ఆ చెయ్యి అలవాటైంది.

ఒకసారి వాళ్ళందరికీ పెడదామని పెట్టెడు మాలినా పళ్ళు పట్టుకెళ్ళాడు. ఆ చేత్తోనే పంచబోయాడు. పట్టుకున్న పండల్లా పచ్చడైంది. నేలంతా ఎరుపు. అప్పుడే లోపలికొచ్చిన ఊడ్చే ఆవిడ చెయ్యి మళ్ళీ తెగిందనుకుని కేకలు పెట్టిందట. కానీ ఒగ్నెన్ ఆ ఎర్రటి నేల చూసి, "గుడ్లు చాలు. మనం ఇంక దీనిమీదే పని చేద్దాం" అన్నాడు. వేసవులు గడిచాయి. ఒక జూలై ఉదయం, చెయ్యి తొడుక్కుని మా తోట వరసలోకి వచ్చాడు విటోమిర్. ఒక పండు కోశాడు. అది చెక్కుచెదరకుండా అరచేతిలో కూర్చుంది. రుజిత్సా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. బుట్ట పట్టుకున్న ఒగ్నెన్ కోసినవి కోసినట్టే నోట్లో వేసుకుంటూ, "శాస్త్రం కోసం" అంటూ నవ్వాడు.

మరుసటి ఏడు పాప పుట్టింది. దున్యా అని పేరు పెట్టారు. అప్పుడు విటోమిర్ చేసిన పని మీకు కాస్త చెప్పాలి. మా వాళ్ళలో కూమ్ అంటే బాప్టిజం రోజు బిడ్డని చేతుల్లోకి తీసుకునేవాడు. ఆ తర్వాత అతను ఆ ఇంటికి రక్తసంబంధం కంటే ఎక్కువ. కూమ్ మీద గొంతు పెంచకూడదు, అనుమానపడకూడదు, అతను నోరు తెరిచి అడిగింది లేదనకూడదు. ఆ బంధం తాతల నాటి నుంచి ఒకే కుటుంబంతో నడుస్తుంది. విటోమిర్ వాళ్ళకి పెత్రోనియెవిచ్ వాళ్ళింటితో ఉంది. ఆ ఇంటిని పక్కనపెట్టి ఒగ్నెన్‌ని పిలిచాడు. పెత్రోనియెవిచ్ ముసలాయన ఆ రోజు నుంచి వీధిలో ఎదురైతే మొహం తిప్పుకుని పోయేవాడు. చచ్చేదాకా పలకరించలేదు.

"ఎందుకురా అంత పట్టుదల? థాంక్స్ చెప్పాలంటే ఓ పంది తొడ కొనిస్తే పోదా?" అన్నాను నేను.

"అక్కా, ఆయన నా చేతికి ప్రాణం పోశాడు. నా బిడ్డని ఆయన చేతుల్లో పెట్టకపోతే ఎవరి చేతుల్లో పెట్టను?"

బాప్టిజం భోజనాల్లో రేగిపళ్ళంత ఎర్రగా మొహం కందిపోయేదాకా ప్లమ్ సారా తాగాడు ఒగ్నెన్. లేచి నిలబడి, విటోమిర్ చేతిని, ఆ ప్లాస్టిక్ చేతిని, పైకెత్తి పట్టుకున్నాడు. "ఈ చెయ్యి నీది కూమా! నేను బతికుండగా దీన్ని నీ దగ్గర్నుంచి ఎవడు తీసుకుంటాడో చూస్తాను!" అని అరిచాడు. అందరం గ్లాసులు ఎత్తాం. అరచేతిలో స్వర్గం చూపించడమంటే అదే.

కొన్నేళ్ళు బాగానే గడిచాయి. ఆ చేత్తో దున్యాకి జడ వేశాడు, వంకరటింకరగా అయినా వేశాడు. మాంసం తానే కోసుకున్నాడు. తోటల్లో కూలికి వెళ్ళాడు. ఎవరైనా చెయ్యి చూపించమంటే, "చూపిస్తా గానీ ఓ వరస పళ్ళు కోసిపెట్టు" అని బేరమాడేవాడు. నోట్లో నాలుక లేని మనిషికి నాలుక కూడా మొలిచిందని నేను వేళాకోళం చేసేదాన్ని.

మాలినా కోతలు అయిపోయిన సెప్టెంబరులో ఒగ్నెన్ ఫోన్ చేశాడు. చేతికి శుభ్రం చెయ్యాల్సిన పని ఉంది, తీసుకురమ్మన్నాడు.

"ఎప్పుడిస్తారో అడుగు. ఓ చీటీ రాయించుకో" అంది రుజిత్సా.

"కూమ్ దగ్గర చీటీ రాయించుకోవాలా? సిగ్గులేదే నీకు?"

"నాకెందుకు సిగ్గు? చాకలికి బట్టలేసినా గుర్తు పెట్టుకుంటాం."

"చాకలి వేరు, కూమ్ వేరు" అని కసురుకున్నాడు విటోమిర్. ఆ ఇంట్లో గొంతు పెరగడం నేను విన్నది అదొక్కసారే. సాయంత్రం బస్సులో తిరిగొచ్చాడు. కుడి చొక్కా చెయ్యి మడిచి పిన్నీసు పెట్టి ఉంది.

వారమన్నారు. వారం అయ్యాక ఇంకో వారం అన్నారు. తర్వాత మోటారు ఏదో రావాలన్నారు. మధ్యమధ్యలో అతన్ని మాత్రం రమ్మనేవారు. వెళ్తే మొండిచేతికి తీగలు అంటించి, ఏం అనిపిస్తోంది, ఎక్కడ అనిపిస్తోంది అని అడిగి పంపేసేవారు. చలి మొదలైంది. విటోమిర్ మళ్ళీ తల దించుకుని నడవడం మొదలుపెట్టాడు. ఒకరోజు కంచె తలుపు తోసుకుని వెళ్తే, పొయ్యి దగ్గర నిలబడి ఉన్నాడు. మొండిచేతి కింద, ఏమీ లేని చోట, ఎడమచేత్తో గాలిని పిసుకుతున్నాడు. నన్ను చూసి ఠక్కున ఆపేశాడు.

"ఏంట్రా అది?"

"ఏం లేదక్కా. అలవాటు."

నాకు నచ్చలేదు. ఈసారి బెల్‌గ్రేడ్‌కి నేనూ వస్తానన్నాను. "కూమ్ ఏమైనా అనుకుంటాడేమో" అన్నాడు. "అనుకోనీ, నాకు వాడు కూమ్ కాదుగా" అన్నాను.

ఆ గది నేను చూడడం అదే మొదలు. తెల్లకోటు వేసుకున్న తియోదోరా అనే చిన్న డాక్టరమ్మ వచ్చి విటోమిర్‌ని కుర్చీలో కూర్చోబెట్టింది. మంచి పిల్ల, చేతులు వేడిగా రుద్దుకుని మరీ తీగలు అంటించింది. ఆమె పని చేసుకుంటుంటే నేను చుట్టూ చూశాను. ఎదురుగోడకి అద్దాల బీరువా ఉంది. అందులో, రెండో అరలో, విటోమిర్ చెయ్యి ఉంది. బొటనవేలి కీలులో మాలినా మరక ఇంకా ఉంది, అది ఎంత తోమినా పోదు. విప్పి పెట్టింది కాదు, పాడైందీ కాదు. శుభ్రంగా తుడిచి పెట్టి ఉంది.

"ఇది బాగైపోయిందా?" అని అడిగాను.

"ఏదండీ?" అంది తియోదోరా. నా వేలు చూసింది. "అది ఎప్పుడు పాడైంది?"

విటోమిర్ కూడా తలతిప్పి చూశాడు.

"మరి మాకు ఎందుకు ఇవ్వట్లేదు?" అన్నాను.

"ఇప్పుడెలా ఇస్తామండీ, మూడో దశలో ఉన్నాం కదా. చాలా బాగా వస్తోంది కూడా." ఆ పిల్లకి మా మొహాలు చూశాక గానీ అర్థం కాలేదు. ఎర్రబడిపోయి, "మీకు ఒగ్నెన్ సార్..." అని ఆగిపోయింది. పరుగున వెళ్ళి అతన్ని తీసుకొచ్చింది.

ఒగ్నెన్ వచ్చాడు. బూట్లు కొత్తవి. విటోమిర్ భుజం మీద చెయ్యి వేసి, పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పూసగుచ్చినట్టు చెప్పాడు. మొదటి దశ, చెయ్యి నేర్చుకోవడం. రెండో దశ, మనిషి దాన్ని తనదనుకోవడం. మూడో దశ, దాన్ని తీసేశాక మనిషి తల దాన్ని ఎన్నాళ్ళకి మర్చిపోతుందో చూడడం. ఇలా ఎవరూ ఇంతవరకూ చూడలేదట. రేపు కొన్ని వేలమందికి పనికొస్తుందట.

"అంటే నువ్వు తీసేసుకుంటావని నీకు మొదట్నుంచీ తెలుసా?" అన్నాడు విటోమిర్.

"ప్లాన్‌లో ఉంది కూమా. నీకు ముందే చెబితే నీ తల సిద్ధపడిపోతుంది. అప్పుడు కొలిచేదంతా పాడైపోతుంది. చెప్పకూడదనే పద్ధతి."

"దున్యాని ఎత్తుకున్న రోజు కూడా తెలుసా?"

ఒగ్నెన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది వేరు, ఇది వేరు" అన్నాడు.

అప్పుడు నా నోరు ఆగలేదు. "నమ్మించి గొంతు కోసి, పైగా రక్తం ఎంత కారిందో కొలుస్తావా? వాడికి చెయ్యి నువ్విచ్చావు, సరే. వాడు నీకు బిడ్డని ఇచ్చాడు కదరా! పరాయివాడైనా చేసే పనేనా ఇది? ఇయ్యి, ఆ బీరువా తాళం ఇలా ఇయ్యి!" గదిలో అందరూ పని ఆపి చూస్తున్నారు. ఒగ్నెన్ నెమ్మదిగానే జవాబిచ్చాడు. ఈ దశ అయ్యాక ఆ చెయ్యి విదేశీ కంపెనీకి వెళ్ళిపోతుందట, ఖర్చు పెట్టింది వాళ్ళు కాబట్టి అది వాళ్ళదట. తన చేతిలో ఏమీ లేదట.

విటోమిర్ తీగలు ఒక్కొక్కటే ఎడమచేత్తో పీకేసి, కుర్చీ మీద పెట్టాడు. బీరువా ముందు ఆగాడు. అద్దం మీద అతని ఊపిరి మసకలా పట్టింది. "పద అక్కా" అన్నాడు.

మళ్ళీ వెళ్ళలేదు. ఫోన్ మోగితే రుజిత్సా తీసి, లేడని చెప్పేది. తీగలు కండరాల సంగతి చెప్పగలవు గానీ, వేళ్ళు ఇంకా ఉన్నట్టుందా లేదా అన్నది మనిషి నోటితో చెప్పాల్సిందే. అతని నోటి మాట లేకపోతే మూడో దశ ముందుకు సాగదు. కంపెనీవాళ్ళు తొందర పెడుతున్నారని తియోదోరా నాకు ఫోన్లో చెప్పింది. ఏడుస్తూ చెప్పింది, పాపం.

నవంబరులో సెయింట్ దిమిత్రి పండగ వచ్చింది. విటోమిర్ వాళ్ళ ఇంటి దేవుడు ఆయనే. మా దగ్గర ఇంటి దేవుడి పండగకి ఎవర్నీ పిలవరు. వచ్చేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, తలుపు తీసే ఉంటుంది. వచ్చినవాడు శత్రువైనా సరే, తిండి పెట్టకుండా పంపకూడదు. ఇంటి యజమాని ఆ రోజంతా కూర్చోడు, నిలబడే అందరికీ వడ్డిస్తాడు. విటోమిర్ ఒంటిచేత్తో సీసా పట్టుకుని గ్లాసులు నింపుతున్నాడు. గుమ్మం దగ్గర అందరికీ తీపి గోధుమలు చెంచాతో అందించే పని నాది.

ఒగ్నెన్ వచ్చాడు. గోధుమలు నోట్లో వేసుకుని శిలువ గుర్తు వేసుకున్నాడు. నాకు ఆ చెంచాతో నెత్తి మీద ఒకటి వెయ్యాలనిపించింది. దున్యా సంబరంగా పరుగెత్తుకెళ్ళి అతని కోటు పట్టుకుంది. ఆమెకి బొమ్మ ఇచ్చాడు. విటోమిర్ అతనికి కూడా గ్లాసు నింపాడు. ఎవరితో ఎలా ఉన్నాడో అతనితోనూ అలాగే ఉన్నాడు. నేను నమ్మలేకపోయాను.

కాసేపయ్యాక ఒగ్నెన్ అతన్ని కిటికీ వైపు తీసుకెళ్ళాడు. నేను పళ్ళేలు తీస్తున్నట్టు దగ్గరికి జరిగాను.

"కూమా, నిన్ను బెల్‌గ్రేడ్ రమ్మనను. ఒక్కటే ప్రశ్న. వేళ్ళు ఇంకా ఉన్నట్టుందా?"

విటోమిర్ సీసా కిటికీ గట్టు మీద పెట్టాడు. "ముందు నువ్వొకటి చెప్పు. డాక్టరుగా అడుగుతున్నావా, కూమ్‌గా అడుగుతున్నావా?"

ఇన్నేళ్ళు మాతో తిరిగి ఒగ్నెన్‌కి మా పద్ధతులు బాగానే వంటబట్టాయి. డాక్టరుగా అంటే విటోమిర్ నోరు మూసుకోవచ్చు. కూమ్‌గా అంటే లేదనడానికి వీల్లేదు. నేను అతని మొహమే చూస్తున్నాను. సిగ్గుతో తల దించుకుంటాడనుకున్నాను. మనిషన్నాక ఆ మాత్రం ఉంటుందనుకున్నాను.

"కూమ్‌గానే" అన్నాడు.

రుజిత్సా చేతిలో రొట్టె పళ్ళెం బల్లకి కొట్టుకుంది.

"ఉన్నాయి" అన్నాడు విటోమిర్. "అయిదు వేళ్ళూ ఉన్నాయి. నువ్వు ఊడదీసే ముందు పిడికిలి బిగించమన్నావు. విప్పమని చెప్పలేదు. అప్పట్నుంచీ అది అలాగే ఉంది, నా వల్ల విప్పుకోవడం లేదు. గోళ్ళు అరచేతిలోకి దిగిపోతున్నాయి. పగలూ రాత్రీ ఒకటే నొప్పి. లేని చేతికి మందెక్కడ రాయాలో మా అక్కకి కూడా తెలీదని ఆమెకీ చెప్పలేదు."

అన్నాళ్ళూ ఆ గాలిని ఎందుకు పిసుకుతున్నాడో అప్పటికి అర్థమైంది. ఒగ్నెన్ జేబులోంచి ఫోన్ తీశాడు.

"నొప్పి పదికి ఎంతుంటుంది?"

"పది."

ఒగ్నెన్ రాసుకోవడం మొదలుపెట్టాడు. విటోమిర్ అందరికీ వినపడేలా, కానీ గొంతు పెంచకుండా అన్నాడు.

"కూమ్ అడిగింది ఇచ్చేశాను. ఇంక నీకు ఇవ్వాల్సింది నా దగ్గర ఏం మిగల్లేదు. పండగకి వచ్చావు, కూర్చుని కడుపునిండా తిను. కానీ ఇవాళ్టి నుంచి నా బిడ్డకి కూమ్ లేడు."

బల్ల దగ్గర ఎవరో శిలువ గుర్తు వేసుకున్నారు. మా ఊళ్ళో ఆ మాట అన్న మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దున్యా బొమ్మ పట్టుకుని తండ్రి వైపూ అతని వైపూ మార్చి మార్చి చూస్తోంది.

"ఒక్క నిమిషం కూమా" అన్నాడు ఒగ్నెన్, తల ఎత్తకుండా. అతని వేళ్ళు ఫోన్ మీద చకచకా ఆడుతున్నాయి. విటోమిర్ ఆ వేళ్ళనే చూస్తూ నిలబడ్డాడు.